భేతాళుడు ఎవరి పట్టా? చిన్ననాటి కథల బొమ్మలు గీసెటోళ్లకు కొంచెం లెక్క

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర్ల ఒక ఫ్లెక్స్ షాపుల నేను డిజైన్లు చేస్త. మాకు వచ్చే పనుల సగం లీడర్ల బర్త్‌డేలు, సగం చిన్నపిల్లల బర్త్‌డేలు. పిల్లల ఫ్లెక్స్ అంటే మీకు తెల్సిందే, నడుమ బాబు ఫొటో, తల మీద కిరీటం, ఒక పక్క ఛోటా భీమ్, ఇంకో పక్క మిక్కీ మౌస్, కింద వరుసగా మేనమామల పాస్‌పోర్ట్ ఫొటోలు. ఎనిమిదేండ్ల సంది చేస్తున్న, అన్నా ఈ భీమ్ బొమ్మ ఎవరిది, మనం వాడుకోవచ్చా అని ఒక్క కస్టమర్ కూడా అడగలే. నేను కూడా నన్ను నేను అడుగుకోలే.

మొన్న ఎండాకాలం సెలవులల్ల మా అక్క బిడ్డ అడిగింది. పాలమూరుల డిగ్రీ చదువుతది, ట్యాబ్ మీద బొమ్మలు మస్తు గీస్తది. కాలేజ్ ఫెస్ట్‌ల స్టాల్ పెడ్తదట, చిన్నప్పటి కథలల్ల ఉన్నోళ్లను తన తీరుగ గీసి పోస్ట్‌కార్డులు, స్టిక్కర్లు చేసి అమ్ముతదట. వాట్సాప్‌ల లిస్టు పంపింది: భేతాళుడు, బుడుగు, మోగ్లీ, విన్నీ ద పూ, జలకన్య, ఛోటా భీమ్. "మామా, అన్నీ పాత కథలే కదా, గీసి అమ్ముకుంటే ఏమన్న అయితదా?" అని. ఏం గాదు బిడ్డా అందరు చేస్తలేరా అని టైప్ చేసి, పంపబోయి ఆగిన.

ఎందుకంటే రెండేండ్ల కింద నాకు ఒక దెబ్బ తగిలింది. ఎర్ర అంగీ తొడుక్కున్న ఎలుగుపిల్ల, అదే పూ, స్టిక్కర్లు గీసి ఒక ఆన్‌లైన్ స్టోర్ల పెట్టిన. పదకొండు అమ్ముడుపోయినయి. పన్నెండోది పోకముందే మెయిల్ వచ్చింది, మీ బొమ్మలు తీసేసినం, అకౌంట్ ఆపేసినం అని. నాకు మంట లేసింది, ఆ పుస్తకం 1926 నాటిది, కాపీరైట్ అయిపోయిందని పేపర్లల్ల కూడా వచ్చింది గదా అని పెద్ద రిప్లై కొట్టిన. జవాబు లేదు. పైసలు ఎన్ని పోయినయని కాదు, తప్పు నాదా వాళ్లదా అన్నదే అర్థం కాలే. తర్వాత కూసోని చదువుకుంట పోతే తేలిందేందంటే, నాది కూడా సగం రైటే, వాళ్లది కూడా సగం రైటే.

మన దిక్కు పొలాల సంగతి తెల్సినోళ్లకు ఇది తొందరగ ఎక్కుతది. సర్వే నంబర్ ఒక్కటే ఉంటది, అందుల నలుగురు పట్టాదార్లు ఉంటరు, కాస్తు చేసెటోడు ఐదోవాడు. బయటికెళ్లి చూస్తే ఒక్కటే చెలక. కథలల్ల పాత్ర కూడా గట్లనే. కథ ఒకరిది, దాన్ని రాసిన మాటలు ఒకరివి, మొదట బొమ్మ గీసింది ఇంకొకరు, రంగు పూసింది వేరే ఒకరు, పేరును బ్రాండ్ చేసి రిజిస్టర్ చేసుకున్నది ఒక కంపెనీ. మనకు మాత్రం మనసుల ఒక్కటే బొమ్మ మెదులుతది, ఒక్కడిదే అనుకుంటం. పాతదా కొత్తదా అని అడిగితే జవాబు దొరకదు, ఏ పొర పాతది అని అడగాలె.

ముందుగాల గడువు సంగతి చెప్త, ఇది తెల్వకుంటే ముందలికి పోలేం. మన దేశంల 1957 కాపీరైట్ చట్టం లెక్కన, రాసినోళ్లయినా బొమ్మ గీసినోళ్లయినా బతికినన్ని రోజులు, పోయినంక ఇంకో 60 ఏండ్లు హక్కు ఉంటది, ఆ 60 ఏండ్లను మనిషి పోయిన మరుసటి జనవరి 1 నుంచి లెక్కపెట్టాలె. మొదట ఇది 50 ఏండ్లే. ఠాగూర్ 1941ల పోయిండు గదా, 1991 ఆఖరుకు ఆయన రచనల మీద హక్కు అయిపోతుండె, అప్పుడు 1992ల చట్టం మార్చి 60 చేసిన్రు. ఇంగ్లండుల ఇది 70 ఏండ్లు. అమెరికాల పాత పుస్తకాలకు అచ్చయిన ఏడాది నుంచి 95 ఏండ్లు, రాసినాయన ఎప్పుడు పోయిండన్నదానితోని పని లేదు. ఇంటర్నెట్ల ఎవరో ఫలానాది ఫ్రీ అయింది అని పోస్ట్ పెడితే అది నూటికి తొంభై సార్లు అమెరికా లెక్క. మనం నల్లగొండల కూసోని దాన్ని షేర్ చేస్తం.

ఇప్పుడు పూ దగ్గరికి రండి, నా పుండు కూడా అక్కడనే ఉంది. మాటలు రాసింది ఎ. ఎ. మిల్న్, 1956 జనవరిల పోయిండు. అంటే మన దగ్గర ఆ మాటలు 2017 జనవరి 1 నుంచి అందరివి. బొమ్మలు గీసింది ఇ. హెచ్. షెపర్డ్, తన కొడుకు ఆడుకునే గ్రౌలర్ అనే ఎలుగు బొమ్మను చూసి గీసిండు, 1976ల పోయిండు. అంటే ఆ బొమ్మలు మన దగ్గర 2036 ఆఖరు దాంక ఆయన వారసులవే. అమెరికాల మాత్రం 1926 పుస్తకం మాటలు, బొమ్మలు రెండు కలిసి 2022 జనవరి 1న ఫ్రీ అయినయి, నేను పేపర్ల చదివింది ఇదే. ఇంగ్లండుల మాటలకే 2026 ఆఖరు దాంక గడువుంది. ఒక్క ఎలుగుపిల్ల, మూడు దేశాలు, మూడు జవాబులు.

ఇగ ఎర్ర అంగీ. షెపర్డ్ గీసిన నలుపు తెలుపు బొమ్మలల్ల పూ ఎక్కువగా ఒంటి మీద బట్ట లేకుండనే తిరుగుతడు. అంగీ తొడిగింది స్టీఫెన్ స్లెసింజర్ అనే అమెరికా వ్యాపారి, బొమ్మలు, వస్తువులు చేసి అమ్ముకునే హక్కులు కొనుక్కున్నాయన, 1932ల ఒక గ్రామఫోన్ రికార్డు మీద మొదటిసారి ఎర్ర అంగీతోని వేయించిండు. డిస్నీ హక్కులు తీసుకున్నంక ఆ అంగీని అట్లనే ఉంచి సినిమాలు చేసింది, పేరు, ఆకారం ట్రేడ్‌మార్కులు, అంటే తన వ్యాపార గుర్తులుగ రిజిస్టర్ కూడా చేయించుకుంది. నేను గీసిందేంది? గుండ్రటి పసుప్పచ్చ ముఖం, ఎర్ర అంగీ, తేనె కుండ. మిల్న్ మాటలల్లకెళ్లి నేను తీసుకున్నది తేనె కుండ ఒక్కటే, మిగతాదంతా డిస్నీ పూనే. నేను పాత పుస్తకం పేరు చెప్పుకుంట కొత్త సినిమా బొమ్మ దించిన. ఆ మెయిల్ పంపినోళ్లను అప్పుడు తిట్టిన తిట్లు ఇప్పుడు వాపసు తీసుకోలేను గని, అంగీ మాత్రం తప్పు నాదే.

గీసెటోళ్లకు అసలు చిక్కు ఇదే, చట్టం కంటె ముందు కండ్ల దగ్గర ఉంది. వండర్‌ల్యాండ్ కథల ఆలిస్ అనంగనే నీలం గౌను కనబడ్తది, అవునా? లూయిస్ కారల్ 1865 పుస్తకంల గౌను రంగు ఏం చెప్పలే. జాన్ టెనియల్ వేసిన బొమ్మలు నలుపు తెలుపు, ఆయనే 1890ల చిన్నపిల్లల ఎడిషన్‌కు రంగులు వేసినప్పుడు పసుప్పచ్చ గౌను వేసిండు. జలకన్య అనంగనే ఎర్ర జుట్టు, పేరు ఏరియల్. ఆండర్సన్ 1837ల రాసిన కథల ఆ పిల్లకు పేరే లేదు, పేరు, ఎర్ర జుట్టు 1989 సినిమావి. స్నోవైట్ ఏడుగురు మరుగుజ్జులకు గ్రిమ్ సోదరుల కథల పేర్లు లేవు, మనం చెప్పుకునే పేర్లు 1937 సినిమావి. కథ చదవకుండ బొమ్మ ఒక్కటే గుర్తుపెట్టుకుంటే, గీసేటప్పుడు చెయ్యి దానంతట అదే సినిమా దిక్కు పోతది.

మోగ్లీ దగ్గర నాకు మస్తు మజా వచ్చింది. ఆ కథలు రాసిన కిప్లింగ్ 1936ల పోయిండు, పాత 50 ఏండ్ల లెక్కలనే 1986 ఆఖరుకు అయిపోయింది, కాబట్టి పుస్తకం పూర్తిగ మనదే. మా పిల్ల పంపిన మొదటి స్కెచ్‌ల ఎర్ర గోచీ, మోగ్లీని మింగనీకి చూసే కొండచిలువ, కోతుల రాజు, అన్ని ఉన్నయి. అన్ని 1967 సినిమావే. పుస్తకంల కొండచిలువ కా మోగ్లీకి దోస్తు, కోతులు ఎత్తుకపోతే వచ్చి కాపాడుతది. కోతులకు రాజే ఉండడు, రాజు లేడు కాబట్టే మిగతా జంతువులు వాటిని లెక్కచెయ్యవు, ఆ కథల కీలకమే అది. అండ్ల రాజును పెడితే కిప్లింగ్ చెప్పింది తలకిందులైతది.

మోగ్లీ కథల ఎలుగు బాలూ బొమ్మ చూసి నేను అన్న, బిడ్డా నువ్వు పాలమూరు పిల్లవు, నల్లమల పక్కన ఉండి అమెరికా ఎలుగును గీస్తవేంది అని. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాలల్లనే ఉంది, పులి కనబడుడు అదృష్టం గని ఎలుగుబంటి ఉందని చెంచు పల్లెల ఎవర్నడిగినా చెప్తరు. మన ఎలుగుబంటి అంటే నల్లగ, బూరలాగ చెదిరిన బొచ్చు, మూతి తెల్లగ పొడుగ్గ ఉంటది, ఛాతీ మీద తెల్లటి గీత, గోర్లు ఇంతింత పొడుగు, చెదపుట్టలు తవ్వి చెదలు పీల్చుకుంటది. కిప్లింగ్ బాలూను గోధుమ రంగు ఎలుగు అన్నడు, సరే, రంగు ఆయనది పెట్టుకో, ఒళ్లు మనది పెట్టు అన్న. మన్ననూరు దాటినంక ఫరహాబాద్ వ్యూ పాయింట్ నుంచి కనబడే లోయను వెనక పెట్టి మళ్లా గీసింది. సినిమా గుర్తుకొస్తలేదు ఆ బొమ్మల. కిప్లింగ్ అడవి మధ్యప్రదేశ్‌ల సియోనీ, నల్లమల కాదు, అని ఎవరన్న అంటే అననీయండి, ఫ్యాన్ ఆర్ట్, అంటే నచ్చిన పాత్రను అభిమానంతోని మన తీరుగ గీసుడంటేనే గంత చనువు.

భేతాళుడి దగ్గర మాత్రం మనసు కొంచెం గుంజుతది. కథ ఎవరిదీ కాదు, 11వ శతాబ్దంల కాశ్మీర్‌ల సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంల ఇరవై ఐదు కథలుగ ఉన్నయి. అండ్ల రాజు పేరు త్రివిక్రమసేనుడు, శవం వేలాడేది శింశుపా చెట్టుకు, సీతమ్మ అశోకవనంల కూసున్నది కూడా శింశుపా కిందనే అంటరు గదా, అదే. కాని మనకు భేతాళుడు అంటే సోమదేవుడు యాదికొస్తడా? రాడు. చందమామల శంకర్ గారు గీసిన రాజు, చేతిల కత్తి, భుజం మీద శవం, ఆ చీకటి, అదే. మా నాయిన పాత చందమామలు బైండింగ్ చేయించి పెట్టిండు, నేను బొమ్మలు నేర్చుకున్నదే వాటి మీద పల్చటి కాయిదం పెట్టి దించి దించి. శంకర్ గారు, అసలు పేరు కె. సి. శివశంకరన్, 2020ల పోయిండ్రు. అంటే ఆ బొమ్మలకు 2080 ఆఖరు దాంక గడువు ఉంది. చందమామలనే గీసిన చిత్ర గారు 1978ల పోయిండ్రు, ఆయన బొమ్మలకు 2038. అట్ట మీది బొమ్మలు వేసిన వడ్డాది పాపయ్య గారు 1992ల పోయిండ్రు, కాబట్టి వాటికి 2052. జీతానికి గీసిన బొమ్మ పత్రికదా ఆర్టిస్టుదా అన్నది ఇంకో పంచాయితీ, పత్రికల అచ్చేసుకునుడు మట్టుకు హక్కు యజమానిది, మిగతాది గీసినోళ్లది అన్నట్టు చట్టంల ఉంటది, ఒప్పందంల వేరే రాసుకుంటే తప్ప. పైనుంచి 2007ల చందమామ ముంబై కంపెనీ చేతికి పోయింది, కొన్నేండ్లకు ఆగిపోయింది. పత్రిక ఆగిపోయింది గదా ఇంక అడిగెటోళ్లు ఎవరు అనుకుంటరు చానా మంది. దుకాణం షట్టర్ దించినంత మాత్రాన అండ్ల సామాను మనది కాదు.

కాబట్టి భేతాళుడు మనోడే, శంకర్ గారి భేతాళుడు మాత్రం ఇంకా మనోడు కాదు. ఈ తేడా పట్టుకుంటే మిగతావన్ని వాటంతట అవే విడిపోతయి.

బుడుగు సంగతి చిన్నగనే చెప్త. ముళ్లపూడి వెంకటరమణ గారు 2011ల, బాపు గారు 2014ల పోయిండ్రు, కాబట్టి మాటలు 2071 దాంక, బొమ్మలు 2074 దాంక. ఇక్కడ పాత పొర అంటూ ఏం లేదు, రెండు పొరలు తాజావే, పైగా విడదీయరాదు. బాపు గీత లేని బుడుగును మీరు గీయగలరా, నేనైతే గీయలేను. ఇంట్ల నోట్‌బుక్‌ల గీసుకోండి, నేర్చుకోనీకి అంత మంచి గీత దొరకదు, అమ్మనీకి మాత్రం కాదు. ఇంకోటి, మన చట్టంల 57వ సెక్షన్ అని ఉంది, హక్కులు అమ్మేసుకున్నా సరే, సృష్టించినోళ్ల పరువు పోయేటట్టు దాన్ని వికారం చేస్తే వాళ్లుగాని వారసులుగాని అడగొచ్చు. బుడుగు చేతిల బీరు సీసా పెట్టి మీమ్ చేసెటోళ్లు ఇది ఒకసారి చూసుకుంటే మంచిది.

ఛోటా భీమ్ దగ్గర నా సొంత షాపే ఇరుకుల పడ్తది. భీముడు మహాభారతంల ఉన్నోడు, ఎవ్వలైనా గీయొచ్చు, చిన్న పిలగాని లెక్క కూడా గీయొచ్చు. కాని కాషాయ రంగు ధోతి, చేతిల లడ్డు, ఊరు ఢోలక్‌పూర్, ఇదంత 2008 సంది టీవీల వస్తున్న హైదరాబాద్ కంపెనీ గ్రీన్ గోల్డ్ వాళ్లది, రాజీవ్ చిలక సృష్టి. మేం ఫ్లెక్స్‌ల మీద పెట్టేది రెండోదే, ఇంటర్నెట్ల దొరికిన బొమ్మ కట్ చేసి అతికిస్తం. ఎవరూ అడగనంత మాత్రాన అది పర్మిషన్ కాదు, పెద్ద కంపెనీ మూడు వందల రూపాయల ఫ్లెక్స్ వెనక పడది, అంతే. పాత్ర మీద గొడవలు మన కోర్టులల్ల కాలేదనుకోకండి, నాగరాజ్ కామిక్స్ వాళ్లు నాగేశ్ అని ఇంకో కామిక్ తెచ్చినోళ్ల మీద ఢిల్లీ హైకోర్టుకు పోతే, 1997ల కోర్టు నాగేశ్‌ను ఆపమంది. పాముల శక్తి ఉన్న హీరో అన్న ఆలోచన ఎవరిదైనా కావొచ్చు, వేషం, పేరు, తీరు అన్ని ఒక్క తీరుగ ఉంటేనే లొల్లి.

ఇక్కడ ఒక మాట అందరి నోట్ల వినబడ్తది, ముప్పై శాతం మార్చితే కాపీ కాదు అని. ఎక్కడ పుట్టిందో గని చట్టంల అసొంటి శాతం ఏదీ లేదు. 1978ల ఆర్. జి. ఆనంద్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది ఏందంటే, ఆలోచన మీద ఎవరికీ హక్కు లేదు, దాన్ని చెప్పిన తీరు మీదనే హక్కు, రెండు చూసిన మామూలు మనిషికి ఇది దానికి నకలే అనిపిస్తే నకలే. స్కేలు పట్టుకోని కొలిచే పని కాదు. కింద క్రెడిట్ పెడితే సరిపోతది అన్నది కూడా అసొంటిదే. క్రెడిట్ ఇచ్చుడు మర్యాద, పర్మిషన్ కాదు. పక్కింటాయన బండి వేసుకపోయి, బండి ఫలానా ఆయనది అని రాసి పెట్టినట్టు ఉంటది.

మరి అమ్మకుండ ఉట్టిగ గీసి పోస్ట్ చేస్తే? సొంత వాడకం కోసం, చదువు కోసం, విమర్శ కోసం వాడుకోవచ్చని మన చట్టంల ఉంది, నేర్చుకోనీకి ఇంట్ల దించుకునుడు గండ్లకే వస్తది. ఇన్‌స్టాల పెట్టుడు సొంత వాడకమా అంటే గట్టిగ అవునని చెప్పరాదు, చానా కంపెనీలు చూసీ చూడనట్టు ఉంటయి, ఫ్యాన్స్ మీద కేసులు పెడితే వాళ్ల పేరే ఖరాబైతదని. పైసలు చేతులు మారినప్పుడు మాత్రం లెక్క మారుతది. నేను లాయర్‌ను కాదు, ఫ్లెక్సులు చేసెటోన్ని, పెద్ద బిజినెస్ పెట్టేటట్టుంటే ఒక వకీలును అడగండి.

స్టయిల్ సంగతి వేరే. ఒకరి గీత తీరు, రంగుల తీరు మీద కాపీరైట్ ఉండది, బాపు తీరుగ కొస కండ్లు పెట్టి మీ సొంత పిల్లను గీసుకోవచ్చు. 2025 మార్చిల ఏఐతోని జిబ్లీ అనే జపాన్ యానిమేషన్ స్టూడియో తీరు బొమ్మల పిచ్చి లేసినప్పుడు మా షాపుకు కూడా వచ్చిన్రు, పెండ్లి ఫ్లెక్స్ గట్ల చేసియ్యమని. చట్టం సంగతి పక్కన పెడితే, చేత్తోని గీసి బతికెటోన్ని, నాకైతే కడుపు మండింది.

విగ్రహాల దగ్గర ఇంకో తమాషా ఉంది. డెన్మార్క్ రాజధానిల జలకన్య విగ్రహం 1913ల పెట్టిన్రు, శిల్పి ఎడ్వర్డ్ ఎరిక్సెన్ 1959ల పోయిండు, వారసులు ఫొటో వేసుకున్న పేపర్ల మీద కూడా కేసులు పెట్టెటోళ్లు, ఆ జలకన్యను దయ్యం లెక్క కార్టూన్ వేసిన ఒక పేపర్ కింది కోర్టులల్ల ఓడిపోయి 2023ల అక్కడి సుప్రీంకోర్టుల గెలిచింది. మన చట్టం ఈ విషయంల చల్లగ ఉంది, అందరు పోయే జాగల శాశ్వతంగ పెట్టిన శిల్పాన్ని చూసి బొమ్మ గీయొచ్చు, అచ్చు కూడా వేసుకోవచ్చు. నాగార్జునసాగర్ బుద్ధవనంల జాతక కథల శిల్పాలు ఉన్నయి, మన పంచతంత్రానికి చుట్టాల లెక్కనే ఉంటయి ఆ కథలు, స్కెచ్‌బుక్ పట్టుకోని ఒక పూట కూసుంటే స్టాల్‌కు సరిపోయే సరుకు దొరుకుతది. ఆ మాటకొస్తే ఏడు చేపల కథల చీమకు ఇప్పటిదాంక ఒక ముఖం అంటూ లేదు, నా బంగారు పుట్టల వేలు పెడితే కుట్టనా అని అడిగిన ఆ చీమను ఎట్ల గీస్తరో గీయండి, ఏ కంపెనీ అడ్డం రాదు.

లిస్టు మళ్లా రాసినం మేమిద్దరం. బుడుగు, భీమ్ తీసేసినం. జలకన్యకు పేరు లేదు, జుట్టు నల్లగ, రెండు జడలు. పూ గురించి కొట్లాడుకున్నం, మాటలల్లకెళ్లి కొత్తగ గీస్తనని ఆమె, ఆ ట్రేడ్‌మార్క్ జోలికి వద్దని నేను, ఆఖరికి నా మాటే నడిచింది గని నా పాత మంట వల్లనే అట్ల అన్ననేమో అని నాకే అనుమానం. పూ జాగల లిటిల్ ప్రిన్స్ అనే ఫ్రెంచ్ పిల్లల కథ పెట్టినం, రాసింది, బొమ్మలు గీసింది ఒక్కాయనే, సెయింట్ ఎగ్జుపెరీ, 1944ల పోయిండు, మన దగ్గర 2005 సంది ఫ్రీ. ఫ్రాన్స్‌ల ఇంకా ఫ్రీ కాలే, పార్శిల్‌ల పారిస్ పంపకు అని చెప్పిన.

భేతాళుడి కోసం శంకర్ గారి బొమ్మ చూడనే చూడొద్దని ఒట్టు పెట్టుకుంది. పాలమూరు పిల్లలమర్రికి పోయి రెండు రోజులు కూసున్నది. ఏడు వందల ఏండ్లదని చెప్పుకునే మర్రి అది, ఊడలే మానులైనయి, ఏది మొదలో ఏది ఊడనో చెప్పరాదు. శింశుపా పోయి మర్రి వచ్చింది, పోనీ. 2018ల ఆ చెట్టుకు చెదలు పడితే కొమ్మలకు సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కించిన్రు, మీకు యాదుండే ఉంటది, ఆస్పత్రి వార్డు లెక్క వందల బాటిళ్లు వేలాడినయి. ఆమె బొమ్మల భేతాళుడు ఆ బాటిళ్ల నడుమ తలకిందులుగ వేలాడుతుండు, చేతికి డ్రిప్పు. రెండో బొమ్మల రాజు భుజాన వేసుకోని నడుస్తుండు.

నేను చూసి అడిగిన, "కత్తి ఏది బిడ్డా? కత్తి పాత కథలనే ఉంది, శంకర్ గారి సొంతం కాదు, పెట్టుకోవచ్చు."

"తెల్సు మామా. కాని రాజుకు ఉన్నది రెండే చేతులు. ఒక చేత్తో శవాన్ని పట్టుకోవాలె, ఇంకో చేత్తో బాటిల్ ఎత్తి పట్టుకోవాలె గదా."